పారిస్ నెగళ్లు, మోర్వాన్ కట్టెలు: ఒక నగర ఇంధన చరిత్ర (1547–1923)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం వరకు పారిస్ నగరానికి కట్టెలు ఎక్కడి నుంచి, ఏ మార్గంలో వచ్చాయో వివరించగలరు.
• కట్టెలను ఎండబెట్టడం, నిలవచేయడం, తరలించడం అనే మూడు పనుల మధ్య ఉన్న సంబంధాన్ని గుర్తించగలరు.
• నగర ఇంధన అవసరం రాజ్య శాసనాలను, గ్రామీణ శ్రామికుల జీవితాలను ఎలా ప్రభావితం చేసిందో చర్చించగలరు.
• కట్టెల కరవు గురించి చరిత్రకారుల మధ్య ఉన్న భిన్నాభిప్రాయాలను పోల్చగలరు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర పాఠాల్లో పారిస్ అనగానే మనకు బాస్టీల్ కోట, రొట్టె కోసం వెర్సైల్స్‌కు నడిచిన స్త్రీలు, గిలటిన్ గుర్తుకు వస్తాయి. రొట్టె ధర గురించి వందల పుటలు రాసిన చరిత్రకారులు ఆ రొట్టెను కాల్చిన కట్టెల గురించి చాలాకాలం కొద్ది పంక్తులతో సరిపెట్టారు. అయితే ఫ్రాన్సులో శీతాకాలం గడవాలంటే తిండితో పాటు నిప్పు కూడా కావాలి. చలి దేశాల్లో కట్టె వంటకు మాత్రమే పనికివచ్చే సరకు కాదు. గది వెచ్చగా ఉండటానికి, బట్టలు ఆరడానికి, పసిపిల్లలూ వృద్ధులూ బతికి బయటపడటానికి అది అవసరం.

మన ప్రాంతంలో గ్యాసు పొయ్యిలు రాకముందు వానలు మొదలయ్యేలోపు కట్టెలు చీల్చి, ఎండబెట్టి, వసారాలోనో అటకమీదో పేర్చుకునేవారు. మీ ఇంట్లో పెద్దలను అడిగితే పచ్చికట్టె పొగకు కళ్లు మండిన కథలు చెబుతారు. ఒక ఇంటికి సంబంధించిన ఈ చిన్న జాగ్రత్తను లక్షల మంది ఉన్న నగరానికి, నాలుగైదు నెలల శీతాకాలానికి విస్తరించి ఊహించండి. అన్ని కట్టెలను ఎవరు నరికారు? ఎవరు ఎండబెట్టారు? రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం ఎలా దాటించారు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతికితే రాజ్యం, మార్కెట్, శ్రమ, ప్రకృతి అనే నాలుగూ ఒకేచోట కలిసే చరిత్ర కనిపిస్తుంది.

2. చలి, నగరం, దూరమైన అడవి

16వ శతాబ్దం మధ్య నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు ఐరోపాలో శీతోష్ణస్థితి ఇప్పటికంటే చల్లగా ఉండేది. వాతావరణ చరిత్రకారులు ఈ దశను 'చిన్న మంచుయుగం'లో భాగంగా పరిగణిస్తారు. 1709 జనవరిలో వచ్చిన చలి 'మహా శీతాకాలం' అనే పేరుతో ఫ్రెంచి ప్రజల జ్ఞాపకాల్లో నిలిచిపోయింది. నదులు గడ్డకట్టాయి. విత్తిన పైరు నేలలోనే చచ్చింది. నిప్పు మండుతున్న గదుల్లో సైతం అలమరల్లోని మద్యం సీసాలు పగిలిపోయాయని డ్యూక్ ఆఫ్ సెయింట్ సైమన్ తన జ్ఞాపకాల్లో రాశాడు. (సోషలిస్టు ఆలోచనాపరుడు సెయింట్ సైమన్ ఆ తరవాతి కాలంవాడని విద్యార్థులు గమనించాలి.) రాజమందిరంలోనే పరిస్థితి ఇలా ఉంటే, ఐదో అంతస్తు అద్దెగదిలో ఉన్న కూలివాడి సంగతి ఊహించడం కష్టం కాదు.

పారిస్ చుట్టుపక్కల అడవులు ఉన్నా వాటిలో కొన్ని రాజుల వేటకు కేటాయించినవి. మిగిలినవి పెరుగుతున్న నగర అవసరాలకు చాలలేదు. బండిమీద కట్టెలు తేవడానికి ఒక హద్దు ఉంది. బరువెక్కువ, విలువ తక్కువ ఉన్న సరకును కొద్ది రోజుల ప్రయాణానికి మించి రోడ్డుమీద తరలిస్తే ఎడ్ల మేతకు, బండివాడి కూలికి అయ్యే ఖర్చు కట్టెల ధరను మించిపోతుంది. అందువల్ల నగరానికి అడవి ఎంత దూరంలో ఉందన్న దానికంటే, నీటికి అడవి ఎంత దగ్గరలో ఉందన్నదే ముఖ్యమైంది.

ఈ దృష్టితో చూసినప్పుడు పారిస్‌కు ఆగ్నేయంగా బర్గండీ ప్రాంతంలో ఉన్న మోర్వాన్ కొండలు అక్కరకొచ్చాయి. గరిష్ఠంగా సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న ఈ గ్రానైట్ కొండల్లో ఓక్, బీచ్ చెట్లు దట్టంగా పెరుగుతాయి. యోన్ నది ఇక్కడే పుడుతుంది. క్యూర్ అనే ఉపనదిని కలుపుకొని అది మాంటెరో వద్ద సీన్ నదిలో చేరుతుంది. సీన్ నది నేరుగా పారిస్‌లోకి ప్రవహిస్తుంది. అంటే మోర్వాన్ వాగులో పడేసిన కట్టెకు పారిస్ దాకా దారి ఉంది. ఆ దారిని వాడుకోవడం తెలియాలి, అంతే.

1547లో పారిస్ పురపాలక భవనానికి వడ్రంగి పనుల అధిపతిగా ఉన్న షార్ల్ లెకోంత్ మోర్వాన్ వైపు నుంచి కట్టెల తెప్పను పారిస్‌కు రప్పించాడు. 1549లో ఈ పనిని వ్యవస్థీకరించాడన్న కీర్తి పారిస్ వర్తకుడు జాఁ రూవే పేరిట స్థిరపడింది. 19వ శతాబ్దంలో యోన్ నది ఒడ్డున ఉన్న క్లామ్సీ పట్టణంలో రూవే ప్రతిమను ప్రతిష్ఠించారు. ఒక పద్ధతి పుట్టుకను ఒకే వ్యక్తికి ఆపాదించే అలవాటు చరిత్రలో తరచుగా కనిపిస్తుంది. నిజానికి ఇటువంటి వ్యవస్థ వెనక ఎందరో వర్తకుల పెట్టుబడి, పేరు తెలియని వందలాది కూలీల అనుభవం ఉంటాయి.

3. అడవిలో: నరకడం, ఎండబెట్టడం

మోర్వాన్ అడవుల్లో కట్టెల కోసం చెట్టును వేళ్లతో పెకలించేవారు కాదు. మొదలు దగ్గర నరికితే మోడు నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి. ఇరవై ఏళ్లకు అటూఇటూ అవి మళ్లీ నరకడానికి పనికివస్తాయి. మధ్యమధ్య కొన్ని పెద్ద చెట్లను విత్తనం కోసం, కలప కోసం వదిలేవారు. 1669లో కోల్బెర్ మంత్రిగా ఉండగా వెలువడిన అటవీ శాసనం ఇలా నరికే అడవిలో ఒక్కో ఆర్పాఁకు (సుమారు అర హెక్టారు) 16 చెట్లను వదలాలని నిర్దేశించింది. కట్టెలు ఎడతెగకుండా రావాలంటే అడవి బతికి ఉండాలన్న స్పృహ ఆనాడే ఉందనడానికి ఇది ఆధారం.

చెట్లను శీతాకాలంలో నరికేవారు. ఆకు రాలిన కాలంలో నరికిన మోడు వసంతంలో బలంగా చిగురిస్తుంది. పొలం పనులు లేని రైతులు కూలికి దొరుకుతారు. దుంగలను మూడున్నర ఫ్రెంచి అడుగుల పొడవున, అంటే సుమారు 1.14 మీటర్ల చొప్పున కోసి, లావుగా ఉన్నవాటిని చీల్చేవారు. ఈ పొడవు అడవి నుంచి పారిస్ గుమ్మం దాకా మారేది కాదు.

ఆ తరవాత పని ఎండకు, గాలికి అప్పగించేవారు. ఇక్కడ కొంత విజ్ఞానశాస్త్రం తెలుసుకోవాలి. అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. 100 కిలోల పచ్చికట్టెలో 50 కిలోల నీరు ఉందనుకుందాం. నీటి శాతం 20కి తగ్గేదాకా దాన్ని ఆరబెడితే మొత్తం బరువు 62.5 కిలోలకు దిగుతుంది. 37.5 కిలోల నీరు గాలిలో కలిసిపోతుంది. ఆరబెట్టకుండా మండిస్తే ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చవుతుంది. మంట వేడి తగ్గి కట్టె పూర్తిగా కాలదు. పొగ పెరుగుతుంది, పొగగొట్టంలో మసి పేరుకుంటుంది. చీల్చిన కట్టె ముక్కల మధ్య గాలి ఆడేలా పేరిస్తే అది త్వరగా ఆరుతుంది. చీల్చని దుంగలో బెరడు నీటిని పట్టి ఉంచుతుంది.

మోర్వాన్‌లో ఎండబెట్టడానికి ఇంకో రెండు కారణాలు కూడా ఉన్నాయి. మొదటిది, అడవి నుంచి వాగు ఒడ్డు వరకు ఎడ్లబండ్ల మీద మోయాలి. బరువు మూడో వంతు తగ్గితే బండి ప్రయాణాలు తగ్గుతాయి. రెండోది ఇంకా ముఖ్యమైంది: పచ్చి ఓక్ కట్టె నీటిలో సరిగా తేలదు. ఆరిన కట్టె తేలుతుంది. అలా తేలక మునిగిపోయిన కట్టెలను అక్కడి కూలీలు 'బాతులు' అని పిలిచేవారు. వాటిని తరవాత నది అడుగు నుంచి వెతికి తీయాల్సి వచ్చేది. అంటే కట్టె ఆరకపోతే రవాణా కూడా సాగదు. ఈ సంబంధాన్ని గ్రహించడం ఈ పాఠానికి కీలకం.

18వ శతాబ్దంలో ఇలాంటి అనుభవజ్ఞానాన్ని శాస్త్రంగా మార్చే ప్రయత్నం జరిగింది. ద్యుఅమెల్ ద్యు మోన్సో అనే శాస్త్రవేత్త 1767లో కలప రవాణా, పరిరక్షణ, దృఢత్వం గురించి పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆయన ప్రధాన ఆసక్తి నౌకాదళానికి కావలసిన కలప. ఇంటి కట్టెల విషయంలో మాత్రం గొడ్డలి పట్టినవాడి అనుభవమే చాలాకాలం పాఠ్యగ్రంథంగా ఉండిపోయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. రోడ్డు మార్గంలో కట్టెల రవాణాకు ఉన్న హద్దు ఏమిటి?
2. కట్టెలను నీటిలో వదిలే ముందు ఆరబెట్టడానికి గల కారణాలు తెలపండి.

4. వాగు నుంచి క్లామ్సీ దాకా

ఎండిన కట్టెలు వాగుల ఒడ్డుకు చేరేవి. అక్కడ ప్రతి కట్టె చివరా సుత్తితో ముద్ర వేసేవారు. ప్రతి వర్తకుడికీ తనదైన గుర్తు ఉండేది. పదిమంది వర్తకుల కట్టెలు ఒకే నీటిలో కలిసి ప్రయాణించాలి కాబట్టి ఈ గుర్తే ఆస్తి హక్కుకు సాక్ష్యం.

కొండవాగుల్లో మామూలుగా పారే నీరు కట్టెలను మోయడానికి చాలదు. అందుకని వాగుల ఎగువన చెరువులు కట్టి నీరు నిలవచేసేవారు. నిర్ణయించిన రోజున తూములు ఎత్తి, వచ్చిన వరదలోకి కట్టెలను ఒక్కొక్కటిగా విసిరేవారు. శరత్కాలం చివర చిన్న వాగుల్లో జరిగేదాన్ని 'చిన్న ప్రవాహం' అనీ, శీతాకాలం ముగిసే వేళ యోన్ నదిలో జరిగేదాన్ని 'పెద్ద ప్రవాహం' అనీ అనేవారు. 1854–1858 మధ్య నిర్మించిన సెతోఁ జలాశయం మొదట ఈ కట్టెల ప్రవాహానికి నీరందించడానికే ఏర్పడింది. ఇప్పుడు విహారయాత్రికులు పడవల్లో తిరిగే ఆ సరస్సు ఒకనాటి ఇంధన వ్యవస్థలో భాగం.

కట్టెలు రాళ్లకు, వంపులకు తట్టుకొని ఆగిపోతే వెనక వచ్చేవన్నీ గుట్టపడి వాగు మూసుకుపోతుంది. దీన్ని నివారించడానికి ఒడ్డు పొడవునా కొక్కెం కర్రలు పట్టుకొని మనుషులు నిలబడేవారు. స్త్రీలు, పిల్లలు కూడా ఈ పనిలో ఉండేవారు. వారికి 'నీటికోళ్లు' అనే పేరు వచ్చింది. శీతాకాలపు నీటి అంచున రోజంతా తిరిగే ఆ పక్షుల పేరు వీరికి ఎందుకు తగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

క్లామ్సీ వద్ద నదికి అడ్డుకట్ట వేసి కట్టెలను ఆపేవారు. నీటిలో దిగి వాటిని బయటికి లాగడం, ముద్రలు చూసి వర్తకుల వారీగా వేరుచేయడం, ఒడ్డున ఎత్తైన వరసలుగా పేర్చడం వసంతకాలంలో ఆ పట్టణానికి ప్రధానమైన పని. తడిసిన కట్టెలు ఇక్కడ మళ్లీ ఆరేవి. ఇలా ఒకే కట్టె అడవిలో ఒకసారి, నది ఒడ్డున ఒకసారి, పారిస్‌లో మరోసారి ఎండేది.

5. తెప్పల ప్రయాణం

క్లామ్సీ దిగువన నది వెడల్పవుతుంది. అక్కడి నుంచి కట్టెలను విడిగా వదలకుండా తెప్పలుగా కట్టేవారు. మెలితిప్పిన సన్నని కొమ్మలనే తాళ్లుగా వాడి, కట్టెలను పొరలుగా బిగించి, చిన్న భాగాలు తయారుచేసి, వాటిని ఒకదాని వెనక ఒకటి కలిపేవారు. పూర్తయిన తెప్ప 70 మీటర్లకు పైగా పొడవు, నాలుగైదు మీటర్ల వెడల్పు ఉండేది. అందులో సుమారు 200 ఘనమీటర్ల కట్టెల పేర్పు పట్టేది. భాగాల మధ్య కొంత వదులు ఉంచడం వల్ల తెప్ప నది మలుపుల్లో పాములా వంగేది. ఈ తెప్పను నడిపించేది సాధారణంగా ఒక పెద్దవాడు, అతనికి సాయంగా ఒక కుర్రవాడు.

తెప్పకు తెరచాప లేదు, చుక్కాని లేదు. పొడవాటి గెడకర్రతో నెట్టుకుంటూ పోవాలి. నదికి అడ్డంగా మిల్లుల కోసం కట్టిన ఆనకట్టల్లో ఇరుకైన దారులు ఉండేవి. వాటిని తెరిచినప్పుడు ఉరకే నీటితోపాటు తెప్ప దూకాలి. కర్ర పట్టు తప్పితే తెప్ప విరిగేది, మనిషి కట్టెల కింద పడేవాడు. నీరు అనుకూలిస్తే పారిస్ చేరడానికి పది, పన్నెండు రోజులు పట్టేది. తెప్ప అక్కడే విప్పేస్తారు కాబట్టి తిరిగి రావడానికి కాలినడకే శరణ్యం. కూలి డబ్బు నడుముకు కట్టుకొని, రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచి, మళ్లీ ఇంకో తెప్ప ఎక్కేవారు. వీరిని ఇకమీదట 'తెప్పకూలీలు' అని వ్యవహరిద్దాం.

6. పారిస్ అడితులు: నిలవ, కొలత, ధర

పారిస్‌లో తెప్పలు నగరానికి తూర్పు అంచున, బెర్సీ, రాపే రేవుల దగ్గర ఆగేవి. అక్కడ మరో శ్రామిక వర్గం ఎదురుచూసేది. కొందరు నీటిలో నిలబడి తెప్పను విడగొట్టేవారు. కొందరు తడికట్టెలను వీపున మోసి ఒడ్డుకు చేర్చేవారు. కట్టెల అడితులను అగ్ని భయం వల్ల ఇళ్ల మధ్య కాక నది అంచున, నగరం చివర ఉంచేవారు. సీన్ నదిలోని లూవియే దీవి చాలాకాలం కట్టెల నిలవ స్థలంగా ఉపయోగపడింది. 1840లలో నది పాయను పూడ్చి దాన్ని కుడిగట్టులో కలిపేశారు.

వినియోగదారులు కట్టెలను రెండు ప్రధాన రకాలుగా గుర్తించేవారు. పడవలోనో బండిమీదో నీరు తగలకుండా వచ్చినది 'కొత్త కట్టె'. తెప్పగా వచ్చినది 'తేలిన కట్టె'. తేలిన కట్టె వారాల తరబడి నీటిలో నానడంవల్ల అందులోని లవణాలు కొంత కొట్టుకుపోతాయి. దాని బూడిద బట్టలు ఉతకడానికి అంతగా పనికిరాదని గృహిణులు, చాకలివారు గుర్తించారు. అది త్వరగా కాలిపోతుందని, వేడి నిలవదని కూడా పేరు. అందువల్ల దాని ధర తక్కువ. ధనికుల నేలమాళిగలో కొత్త కట్టె, సామాన్యుడి గదిలో తేలిన కట్టె ఉండేవి. అడితి నుంచి ఒక్కసారే ఏడాదికి సరిపడా కొనలేని వారు చిన్న మోపులు కొనేవారు. చిల్లరగా కొనేవాడు ఎక్కువ చెల్లించడం అన్ని దేశాల పేదలకూ తెలిసిన సంగతే.

కట్టెను ఎలా కొలవాలి? తూకం వేస్తే తడి కట్టె అమ్మేవాడికి లాభం, ఎందుకంటే నీటికి కూడా ధర వస్తుంది. అందువల్ల పారిస్‌లో పరిమాణాన్ని బట్టి కొలిచేవారు. నాలుగు అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న కొయ్య చట్రంలో మూడున్నర అడుగుల కట్టెలు పేర్చితే అది ఒక 'వ్వా'. ఇప్పటి లెక్కలో అది సుమారు 1.92 ఘనమీటర్లు. ప్రమాణం చేసిన కొలతగాళ్లు ఈ పనికి నియమితులయ్యేవారు. అయినా మోసానికి తావుంది. వంకర కట్టెలను వదులుగా పేరిస్తే చట్రం నిండినట్టే కనిపిస్తుంది, లోపల గాలే ఎక్కువ.

విప్లవ ప్రభుత్వం 1795 ఏప్రిల్ 7న మెట్రిక్ కొలతల చట్టం చేసినప్పుడు మీటరు, లీటరు, గ్రాములతో పాటు 'స్టేర్' అనే కొలతను కూడా నిర్వచించింది. ఒక స్టేర్ అంటే ఒక ఘనమీటరు. దాన్ని ప్రత్యేకంగా కట్టెలు కొలవడానికే ఉద్దేశించారు. దీని నేపథ్యం గమనించండి. 1794–95 శీతాకాలం పారిస్‌లో అతి కఠినంగా గడిచింది. నది గడ్డకట్టింది. రొట్టెకూ కట్టెకూ తీవ్రమైన కొరత ఏర్పడింది. ఏప్రిల్ 1న ఆకలిగొన్న జనం జాతీయ కన్వెన్షన్ సభలోకి చొరబడ్డారు. సరిగ్గా ఆరు రోజుల తరవాత ఈ చట్టం వచ్చింది. చట్టానికి ఆ తిరుగుబాటు కారణమని చెప్పలేం. మెట్రిక్ విధానంపై పని చాలా ముందే మొదలైంది. కాని కట్టె కొలతకు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టవలసినంత ప్రాముఖ్యం ఆ సమాజంలో ఉందన్న విషయం మాత్రం స్పష్టం.

7. రాజ్యం పాత్ర

కట్టెల కొరత రాజధానిలో అల్లర్లకు దారితీస్తుందని ఫ్రెంచి రాజులకు బాగా తెలుసు. 1669 అటవీ శాసనం తరవాత, 1672 డిసెంబరులో పారిస్ సరఫరాలకు సంబంధించిన సమగ్ర శాసనం వెలువడింది. దాని ప్రకారం పరిహారం చెల్లించి వర్తకులు తమ కట్టెలను ప్రభువుల భూముల మీదుగా పోయే వాగుల్లో సైతం తేల్చుకోవచ్చు. భూస్వామి తన కోట పక్కన పారే నీరు తనదేనని అడ్డుపడటానికి వీల్లేదు. మిల్లు యజమానులు నీటి దారులు తెరవాలి.

ఈ శాసనాన్ని రెండు కోణాల్లో చూడాలి. ఒకవైపు ఇది భూస్వామ్య హక్కులపై కేంద్రీకృత రాజ్యం సాధించిన విజయం. మరోవైపు, రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న కొండప్రాంతాన్ని రాజధాని అవసరాలకు కట్టివేసిన ఏర్పాటు. మోర్వాన్ అడవి ఏ వయసులో నరకాలో, కట్టె ఎంత పొడవుండాలో, నది ఏ రోజున ఎవరికి చెందుతుందో పారిస్ అవసరమే నిర్ణయించింది.

ఈ వ్యాపారంలో డబ్బు ఆలస్యంగా తిరిగి వచ్చేది. ఒక శీతాకాలంలో నరికిన చెట్టు వేసవిలో ఆరి, తరవాతి శీతాకాలంలో వాగులో తేలి, వసంతంలో క్లామ్సీ చేరి, తెప్పకట్టి పారిస్ చేరేసరికి ఏడాదిన్నరకు తక్కువ పట్టదు. అడవి యజమానికి, బండివాడికి, కూలీలకు ముందే చెల్లించి, అంతకాలం ఆగగల పెట్టుబడి కొద్దిమంది పెద్ద వర్తకుల దగ్గరే ఉంది. ఎండబెట్టడానికి పట్టే కాలమే చిన్న వర్తకుడిని ఈ వ్యాపారానికి దూరంగా ఉంచింది.

8. తెప్పకూలీల ప్రతిఘటన

ఇంత వ్యవస్థ కొన్ని వందల కుటుంబాల నైపుణ్యం మీద ఆధారపడింది. ఆ సంగతి వారికి తెలుసు. నీరు వదిలే రోజున వారు పని మానేస్తే వరద వృథాగా పోతుంది, పారిస్ అడితులు ఖాళీ అవుతాయి. 18, 19 శతాబ్దాల్లో కూలి రేట్ల కోసం క్లామ్సీ తెప్పకూలీలు పలుమార్లు పని నిలిపివేశారు. కార్మిక సంఘాలకు చట్టబద్ధత లేని కాలంలో నది కాలక్రమమే వారి బలం.

1851 డిసెంబరు 2న లూయీ నెపోలియన్ కుట్రతో రిపబ్లిక్‌ను కూలదోసినప్పుడు ఫ్రాన్సులోని అనేక చిన్న పట్టణాలు, గ్రామాలు తిరగబడ్డాయి. వాటిలో క్లామ్సీ ఒకటి. డిసెంబరు 5న మొదలైన ఆ తిరుగుబాటులో తెప్పకూలీలు పెద్దసంఖ్యలో పాల్గొన్నారు. సైన్యం వచ్చి కొద్ది రోజుల్లోనే అణచివేసింది. చాలామందిని అల్జీరియాకు, గయానాకు దేశాంతరవాసం పంపారు. పారిస్‌ను తరతరాలుగా వెచ్చగా ఉంచినవారు ఇలా సముద్రాల అవతలి శిక్షాస్థావరాలకు చేరారు. మార్క్స్ వంటి సమకాలికుల రచనల ప్రభావంతో ఫ్రెంచి గ్రామీణులు లూయీ నెపోలియన్‌కు అండగా నిలిచారన్న అభిప్రాయం బలపడింది. 1851 తిరుగుబాట్లపై టెడ్ మార్గడంట్ 1979లో ప్రచురించిన పరిశోధన ఆ అభిప్రాయాన్ని సవరించడానికి తోడ్పడింది.

మనకు పరిచితుడైన రొమా రోలా 1866లో ఈ క్లామ్సీలోనే జన్మించాడు. గాంధీ, రామకృష్ణ, వివేకానందుల జీవితచరిత్రలు రాసి భారతీయులకు ఆత్మీయుడైన రచయిత ఆయన. ఆయన నవల 'కొలా బ్రుఞోఁ' కథ కూడా ఈ పట్టణంలోనే నడుస్తుంది.

9. క్షీణత

19వ శతాబ్దంలో మూడు మార్పులు తెప్పలను నెమ్మదిగా అంతం చేశాయి. మొదటిది కాలువ. మోర్వాన్ కట్టెలను పారిస్‌కు చేర్చడానికే 1784లో తవ్వకం మొదలుపెట్టిన నివర్నే కాలువ, విప్లవం, యుద్ధాల వల్ల ఆగి ఆగి, 1840ల ఆరంభంలో పూర్తయింది. కట్టెలను పడవలో పొడిగా తీసుకువెళ్లే వీలు కలిగింది. రెండోది రైలు. మూడోది బొగ్గు. ఉత్తర ఫ్రాన్సు, బెల్జియం గనుల బొగ్గు కాలువలు, రైళ్ల ద్వారా పారిస్ చేరింది. ఒకే బరువుకు బొగ్గు కట్టెకంటే ఎక్కువ వేడినిస్తుంది, నిలవకు తక్కువ చోటు చాలు, ఎండబెట్టే పని లేదు.

1870ల చివరికి తెప్పలు ఆగిపోయాయి. వాగుల్లో కట్టెలు వదలడం 1923లో ముగిసింది. మోర్వాన్ మాత్రం పారిస్ అవసరాల నుంచి విడుదల కాలేదు. 19వ శతాబ్దంలో అక్కడి తల్లులు ఎందరో తమ పసిబిడ్డలను ఇంటివద్ద వదిలి, పారిస్ ధనిక కుటుంబాల్లో పాలిచ్చే దాదులుగా పనిచేశారు. ఇటీవలి కాలంలో ఆ కొండలు క్రిస్మస్ చెట్లను పంపుతున్నాయి. సరకు మారింది, ప్రవాహపు దిశ మారలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 'కొత్త కట్టె', 'తేలిన కట్టె' మధ్య తేడాలు రాయండి.
2. 1672 శాసనం ప్రాముఖ్యం ఏమిటి?

10. చరిత్రకారుల చర్చ

18వ శతాబ్దపు ఐరోపాలో కట్టెల కరవు రాబోతోందన్న హెచ్చరికలు విస్తారంగా కనిపిస్తాయి. అవి నిజమా? జర్మన్ చరిత్రకారుడు యోఆఖిం రాడ్కావ్ వీటిని అనుమానించాడు. కరవు భయాన్ని చూపి ప్రభుత్వాలు, పరిశ్రమల యజమానులు అడవులపై రైతుల ఉమ్మడి హక్కులను హరించారని ఆయన వాదన. కొరత ఎవరికి, ఏ రకం కట్టెకు, ఏ ప్రదేశంలో అన్న ప్రశ్నలు వేయకుండా 'కొరత' అనే మాట వాడటం తగదని పాల్ వార్డ్ వంటివారి పరిశోధన సూచిస్తుంది. ఇ.ఎ. రిగ్లీ మరో కోణం చూపాడు. భూమిపై ఏటా పెరిగే మొక్కల మీదే ఆధారపడ్డ ఆర్థిక వ్యవస్థకు ఒక సహజమైన పరిమితి ఉంటుందనీ, భూగర్భంలోని బొగ్గును వాడటం ద్వారా ఇంగ్లండు ఆ పరిమితిని దాటిందనీ ఆయన వివరించాడు.

పారిస్ ఉదాహరణ ఈ చర్చకు ఒక విషయం జోడిస్తుంది. అడవిలో కట్టె ఉన్నా నగరంలో కొరత రావచ్చు. నది గడ్డకట్టినా, వానలు లేక చెరువులు నిండకపోయినా, కూలీలు పని మానినా పారిస్ వణికింది. కొరత చెట్ల సంఖ్యతో పాటు నీరు, కాలం, శ్రమల మీద కూడా ఆధారపడింది.

11. మన తీరంతో ఒక పోలిక

ఇటువంటి సంబంధాన్ని మన తీరంలో కూడా చూడవచ్చు. 19వ శతాబ్దం ఆరంభంలో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్విన కాలువ క్రమంగా పులికాట్ సరస్సు, నెల్లూరు తీరం మీదుగా పెదగంజాం దాకా విస్తరించింది. 1876–78 కరవు పనుల్లో మద్రాసు నగరంలోని భాగాన్ని తవ్వారు. అప్పటి గవర్నరు పేరుమీద అది బకింగ్‌హామ్ కాలువ అయింది. శ్రీహరికోట అడవుల కట్టెలు, తరవాత తీరపు సరుగుడు తోటల కట్టెలు పడవలపై ఈ కాలువగుండా మద్రాసు పొయ్యిలకు చేరాయి. శ్రీహరికోటలోని యానాదుల జీవనం ఆ అడవితో ముడిపడి ఉండేది. అయితే ఒక తేడా ఉంది. మద్రాసుకు కట్టె వంట కోసం కావాలి, కాబట్టి ఏడాది పొడవునా కావాలి. పారిస్‌కు శీతాకాలపు గిరాకీ అదనం. అందుకే నిలవ సమస్య అక్కడ మరింత తీవ్రమైంది.

సారాంశం

16వ శతాబ్దం మధ్య నుంచి పారిస్ తన కట్టెలలో పెద్ద భాగాన్ని మోర్వాన్ నుంచి నీటి మార్గంలో తెచ్చుకుంది. ఆరితేనే కట్టె తేలుతుంది. తేలితేనే నగరం చేరుతుంది. చేరాక మళ్లీ ఆరి నిలవ ఉంటేనే చలికి అక్కరకొస్తుంది. ఈ గొలుసును రాజ్య శాసనాలు రక్షించాయి, పెద్ద వర్తకుల పెట్టుబడి నడిపింది, తెప్పకూలీలు, స్త్రీలు, పిల్లల శ్రమ నిలబెట్టింది. కాలువలు, రైళ్లు, బొగ్గు దాన్ని ముగించాయి. నగరపు వెచ్చదనం ఎక్కడో ఎవరో చన్నీటిలో నిలబడి చేసిన పనికి ఫలితమన్నది ఈ పాఠం చెప్పే ప్రధాన విషయం. ఇవాళ మన ఇంటికి వచ్చే విద్యుత్తు, గ్యాసు విషయంలో కూడా ఈ ప్రశ్న వేసుకోవడం చరిత్ర విద్యార్థికి మంచి అభ్యాసం.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మోర్వాన్ అడవి నుంచి పారిస్ అడితి వరకు కట్టెల ప్రయాణాన్ని దశలవారీగా వర్ణించండి.
2. కట్టెల సరఫరాలో ఫ్రెంచి రాజ్యం పాత్రను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. క్లామ్సీ తెప్పకూలీల ప్రతిఘటన
2. స్టేర్
3. కట్టెల కరవుపై చరిత్రకారుల అభిప్రాయాలు

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరిలో 60 ఏళ్లు దాటిన ఇద్దరితో మాట్లాడి, వారి బాల్యంలో ఇంటికి కట్టెలు ఎక్కడి నుంచి వచ్చేవో, ఎవరు తెచ్చేవారో, వానాకాలానికి ఎలా నిలవచేసేవారో తెలుసుకొని రెండు పుటల్లో రాయండి.